కాలువ గట్టు పట్టుకుని ద్రాక్షతోటల్లోకి: దక్షిణ ఫ్రాన్స్‌లో కార్ల గోల లేని మూడు రోజుల గ్రావెల్ సైక్లింగ్ ఎలా వేసుకోవాలి

కర్కసోన్ రైల్వే స్టేషన్‌లోంచి సైకిల్ నడిపించుకుంటూ బయటికి వస్తే, రోడ్డుకు అవతలే కెనాల్ దు మిది, దాని మీద పడవల్ని ఎత్తి దించే లాకు ఒకటి. ఊళ్లోంచి బయటపడే దారి కోసం ఫోన్ తీసి వెతకక్కర్లేదు. గట్టు ఎక్కితే చాలు, అక్షరాలా గట్టెక్కినట్టే.

తులూజ్ నుంచి మధ్యధరా ఒడ్డున ఉన్న తో సరస్సు దాకా ఈ కాలువ 240 కిలోమీటర్లు. 1666లో తవ్వకానికి అనుమతి వచ్చింది, 1681లో పూర్తయింది. తవ్వించిన పియెర్ పాల్ రికే, ప్రారంభం చూడకుండానే 1680లో పోయాడు. 1996 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. పడవలు లాగే గుర్రాల కోసం వేసిన గట్టు బాటే ఇప్పుడు మన సైకిల్ బాట.

చాలామంది ఈ గట్టు మీదే మొదటి నుంచి చివరి దాకా తొక్కి వెళ్లిపోతారు. తప్పేం లేదు. కానీ రాళ్ల, మట్టి బాటల కోసం చేసిన గ్రావెల్ బైక్ తెచ్చుకుని అలా చేస్తే సగం విస్తరి వదిలేసి లేచినట్టే. నా లెక్కలో కాలువ ఇంటికి తిరిగొచ్చే దారి మాత్రమే. అసలు తొక్కుడంతా గట్టుకు అటూ ఇటూ ఉన్న ద్రాక్షతోటల తెల్లటి రాళ్ల బాటల్లో ఉంది. మినెర్వువా ప్రాంతంలో ఉత్తరాన కొండలు, దక్షిణాన ఓద్ నది, మధ్యలో కాలువ. ఉత్తరం వైపు తోటల్లో ఎక్కడ దారి తప్పినా పల్లం వైపు దిగుతూ పోతే కాలువ తగులుతుంది. ఇంత నమ్మకమైన గుర్తు ఉన్నప్పుడు దారి తప్పడానికి భయం దేనికి?

ముందు తేదీలు చూసుకోండి

ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా ఒకటి, సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ దాకా ఇంకొకటి. ఈ రెండూ మంచి కాలాలు.

జూలై, ఆగస్టు వద్దంటాను. ఎండ ఒక్కటే కాదు కారణం. ఎండాకాలంలో మంటల ప్రమాదం పెరిగిన రోజుల్లో ఓద్, ఎరో జిల్లాల యంత్రాంగం కొండల్లోని అడవి ప్రాంతాల్లోకి రాకపోకలు ఆపేస్తుంది. ఏ ప్రాంతం మూశారో చూపే మ్యాపును ప్రిఫెక్చర్ (జిల్లా పాలనా కార్యాలయం) వెబ్‌సైట్‌లో పెడతారు, ముందురోజు సాయంత్రమే చూసుకోవాలి. దీన్ని లాంఛనం అనుకోకండి. 2025 ఆగస్టు 5న కోర్బియెర్ కొండల్లో రిబోత్ దగ్గర రాజుకున్న మంట 16,000 హెక్టార్లకు పైగా చుట్టేసింది.

వానల్ని కూడా లెక్కలో పెట్టుకోండి. శరదృతువులో ఇక్కడ వాన మొదలైతే కుండపోతే. 2018 అక్టోబర్ 15 వరదలో కాలువ పక్కనున్న త్రెబ్ ఊరు మునిగింది. మామూలు వాన పడినా, మర్నాడు తోటల్లోకి పోకండి. ఇక్కడి బంకమన్ను టైరుకు అంటుకుంటే చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి ఫోర్కుకీ టైరుకీ మధ్య ఖాళీ ఉండదు. పుల్లతో గీకుతూ నిలబడాలి. ఆ ఒక్కరోజూ గట్టు మీదో, తారు వేసిన చిన్న రోడ్ల మీదో గడిపేయండి.

గాలిని బట్టి దిశ పెట్టుకోండి

ఈ మొత్తం రాతలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే, ఇదే గుర్తుంచుకోండి. ఓద్ లోయలో సెర్స్ అనే పడమటి గాలి వీస్తుంది. మొదలైతే రోజుల తరబడి ఆగదు. అందుకే పడమర నుంచి తూర్పుకు, అంటే కర్కసోన్ నుంచి బెజియె వైపు తొక్కండి. వాలుగాలి తోస్తుంటే అరవై కిలోమీటర్లు అలవోకగా దొర్లిపోతాయి.

నేను మొదటిసారి ఈ లెక్క చూసుకోకుండా బెజియె నుంచి బయల్దేరాను. కాలువ బల్లపరుపుగా ఉంటుంది కదా, ఏ దిక్కుకైతేనేం అనుకున్నాను. కపెస్తాన్ దాటేసరికి, అంటే ఇరవై కిలోమీటర్లకే, చదునైన దారిలో కొండెక్కే గేరులోకి వచ్చాను. కాలువ నీటి మీద అలలు నా ముఖానికి ఎదురుగా వస్తున్నాయి. కొండెక్కితే కనీసం దిగుడు వస్తుంది, ఎదురుగాలికి దిగుడు ఉండదు.

ఒక్కోసారి సముద్రం వైపు నుంచి మరాన్ అనే తేమగాలి వస్తుంది. అప్పుడు దిశ తిప్పేయండి. రైలు రెండు ఊళ్లకూ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. బస బుక్ చేసేటప్పుడే రద్దు చేసుకునే వీలున్నవి చూసుకోండి.

సైకిల్, టైర్లు, గాలి

టైరు వెడల్పు 40 నుంచి 45 మిల్లీమీటర్లు. సన్నటి టైరుతో గట్టు మీద నడుస్తుంది కానీ తోటల్లో రాళ్ల మీద చేతులు తిమ్మిరెక్కుతాయి. ట్యూబ్‌లెస్ అయితే తీరాలి అంటాను. ఎందుకంటే ఇక్కడ పల్లేరు కాయలు ఉన్నాయి. అవును, మన పల్లేరే. ఆకులో గానీ ముల్లులో గానీ తేడా లేదు. ఎండాకాలం చివర్లో దారుల అంచున, తొక్కుడు పడిన ఇసుక నేలల్లో పాకి ఉంటుంది. సైకిల్‌ను దారి పక్కన గడ్డిలో పడేసి ఫొటోలు తీసుకోకండి. ఆపినప్పుడు దారి మధ్యలోనే నిలబెట్టుకోండి. టైరులో ముల్లు కనిపిస్తే వెంటనే పీకకుండా చక్రాన్ని తిప్పి, ఆ చోటు కిందికి వచ్చాక పీకండి. లోపల పోసిన జిగురు ద్రవం (సీలెంటు) పల్లానికి చేరి రంధ్రాన్ని పూడుస్తుంది. పైన ఉండగా పీకితే ఉన్న గాలి కాస్తా బుస్సుమంటుంది.

గాలి ఎంత పట్టాలి? 70 కిలోల మనిషికి, 42 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరుకు వెనక 2.2 బార్, ముందు 2 బార్‌తో మొదలుపెట్టండి. రాళ్లలో చక్రం ఎగిరెగిరి పడుతుంటే కొంచెం తీయండి. చక్రం అంచు రాయికి తగిలి ఠంగుమంటే కొంచెం పట్టండి. బ్యాగులు ఎక్కువుంటే వెనక కాస్త పెంచండి.

గేర్లలో ముందు పళ్లెం, వెనక పెద్ద పళ్లెం పళ్ల సంఖ్య సమానంగా ఉంటే బ్యాగులతో కూడా మినెర్వ్ వైపు ఎక్కుడు నడుస్తుంది. గంట, ముందు వెనక లైట్లు ఫ్రాన్స్‌లో చట్టప్రకారం ఉండాల్సిందే. రాత్రిపూట ఊరి బయట మెరిసే జాకెట్ కూడా వేసుకోవాలి. 12 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే 135 యూరోల జరిమానా.

దారి గీసుకోవడం

ఇక్కడ తొందరపడకండి. ఒక సాయంత్రం కేటాయించండి.

ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ ఐజీఎన్ మ్యాపులు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. వాటిని ఒకపక్క, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను మరోపక్క పెట్టుకోండి. ముందు కాలువను చూసి, దానిమీద వంతెనలన్నీ గుర్తుపెట్టండి. మీరు తోటల్లోకి పోవడం, తిరిగి రావడం అన్నీ ఆ వంతెనల దగ్గరే. తర్వాత రెండు వంతెనల మధ్య ఉత్తరానో దక్షిణానో ఒక చక్కర్ గీయండి, పది పదిహేను కిలోమీటర్లకు మించకుండా. ఇలా ఒక్కోరోజుకు రెండు చక్కర్లు చాలు. అలసిపోతే రెండోది వదిలేసి గట్టు మీద పోతారు, రాత్రి బస మాత్రం మారదు. మొత్తం దారి ఒకే గీతగా గీసుకుంటే ఈ వెసులుబాటు ఉండదు.

మ్యాపులో ప్రతి తెల్లగీతా మనది కాదు. షెమాఁ రురాల్ అని రాసి ఉంటే అది ఊరి పంచాయతీది, అందరూ తిరగొచ్చు. షెమాఁ దెక్స్‌ప్లోయితాసియోఁ అంటే తోటల యజమానులు తమ పనులకోసం ఉంచుకున్న దారి. చాలామంది ఏమీ అనరు కానీ, ప్రొప్రియెతె ప్రివే (ప్రైవేటు ఆస్తి) అని బోర్డు ఉన్నా, గొలుసు కట్టి ఉన్నా అక్కడితో సరి. ఉపగ్రహ చిత్రంలో చూస్తే ఇంకో తేడా తెలుస్తుంది. చక్రాల గాడులు రెండు స్పష్టంగా కనిపిస్తే ట్రాక్టరు తిరిగే దారి, మీకు గట్టి నేల దొరుకుతుంది. పచ్చగా మసక గీతలా ఉంటే అది ముళ్లపొదల్లోకి పోయి ఆగే దారి.

గీసిన దారి ఫోన్‌లోకి దించుకుని, మ్యాపు కూడా ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి.

గట్టు మీద ఎలా తొక్కాలి

తులూజ్ వైపు మొదటి యాభై కిలోమీటర్లు తారు. కర్కసోన్ నుంచి తూర్పుకు మాత్రం చాలామటుకు మట్టి బాట. కొన్నిచోట్ల రెండు మీటర్లు, కొన్నిచోట్ల గడ్డి మధ్య ఒక్క టైరు పట్టే గీత. రెండు గట్లలో ఏది బాగుందో నేల మీద సైకిళ్ల జాడే చెబుతుంది. జాడ పల్చబడితే తర్వాతి వంతెన దగ్గర అవతలికి మారండి.

ఇబ్బందిపెట్టేవి రెండు. ఒకటి ప్లేన్ చెట్ల వేళ్లు. పాములు అడ్డంగా పడుకున్నట్టు దారి మీదికి ఉబికి ఉంటాయి, నీడల చారల్లో కనపడవు. వాటిని ఏటవాలుగా దాటితే చక్రం జారుతుంది. నిటారుగా ఎదురెళ్లి, సీటు మీంచి కాస్త లేచి, మోచేతులు వదులుగా ఉంచి దాటండి. రెండోది పడవల మోకులు. సెలవుల్లో పడవ అద్దెకు తీసుకున్నవాళ్లు గట్టున మేకు పాతి తాడు కడతారు. కొందరు దారికి అవతల ఉన్న చెట్టుకే కట్టేస్తారు. మడమ ఎత్తున, మట్టి రంగులో బిగిసి ఉన్న ఆ తాడు పది అడుగుల దూరంలో గానీ కనిపించదు. ఆగి ఉన్న పడవ కనపడగానే వేగం తగ్గించడం అలవాటు చేసుకోండి. నడిచేవాళ్లకే మొదటి హక్కు. గంట కొట్టి, "బోంజూర్" అని, మెల్లగా దాటండి.

నీడ సంగతి. పాత ఫొటోలు చూసి రెండువైపులా చెట్లు పందిరేసి ఉంటాయని అనుకుంటే నిరాశే. కాలువ పొడుగునా 42,000 ప్లేన్ చెట్లు ఉండేవి. 2006లో ఒక బూజు తెగులు బయటపడింది. చెట్టుకు పడితే వైద్యం లేదు, చుట్టుపక్కల చెట్లతో సహా కొట్టి కాల్చేయాలి. సగానికి పైగా ఇప్పటికే పోయాయి. కొత్తగా నాటినవి ఇంకా మనిషికి నీడనిచ్చే వయసుకు రాలేదు. త్రెబ్ దాటాక కొన్నిచోట్ల మొత్తం బోడి గట్టే. అందుకే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య ఏదో ఒక ఊళ్లో కూర్చునేలా రోజును విడగొట్టుకోండి.

మూడు రోజుల లెక్క

మొదటి రోజు కర్కసోన్ నుంచి ఓంప్స్. కాలువ వెంట 40 కిలోమీటర్లు, మధ్యలో త్రెబ్, మార్సెయెత్, పుషెరిక్, ల రెదోర్త్. చక్కర్లు పెట్టుకోకండి. సైకిల్ సర్దుబాట్లు, గాలి, సీటు అన్నీ తేల్చుకునే రోజిది. ఏదైనా లాకు దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగండి. గోడలు తిన్నగా ఉండవు, కోడిగుడ్డు ఆకారంలో పొట్ట ఉబ్బి ఉంటాయి. మొదట్లో తిన్నటి గోడలతో కట్టిన లాకు ఒకటి మట్టి ఒత్తిడికి కూలిందట, దాంతో రికే గోడలను కమానులా వంచి కట్టించాడు. పడవ లోపలికి వచ్చి, తలుపులు మూసుకుని, నీళ్లు దిగుతుంటే ఆ వంపు పైనుంచి చూడ్డానికి బాగుంటుంది.

రెండో రోజు బ్యాగులు ఓంప్స్‌లోనే వదిలేసి ఉత్తరానికి. ఒలోన్జాక్ దాటగానే తోటలు మొదలవుతాయి. ఇది 1985లో ఏఓసీ (పుట్టిన నేలను బట్టి ఇచ్చే ఫ్రెంచ్ గుర్తింపు) పొందిన మినెర్వువా వైన్ నేల. అజియనె దాకా చాలా మటుకు రాళ్ల బాటలు దొరుకుతాయి. అక్కడి నుంచి మినెర్వ్‌కు ఎక్కేటప్పుడు చిన్న రోడ్డు ముక్కలు తప్పవు. వాటి మీద ఒకటీ అరా కార్లు వస్తాయి, అంతే. పైకెక్కే కొద్దీ నేల రంగు మారుతుంది. కింద మెత్తటి మన్ను, ఎగువన సున్నపురాయి. ద్రాక్ష మొదళ్ల మధ్య మట్టి కంటే రాళ్లే ఎక్కువ కనిపిస్తాయి. మినెర్వ్ రెండు లోయల నడుమ గుట్ట మీద కూర్చున్న ఊరు. బయటివాళ్ల కార్లు ఊరి బయటే ఆగాలి. 1210లో క్రూసేడ్ సేనాని సిమోన్ ద మోంఫోర్ ముట్టడి తర్వాత, చర్చి మతద్రోహులుగా చూసిన కాథర్లను 140 మందిని ఇక్కడే కాల్చేశారు. ఊరి కింద సెస్ ఏరు కొండను తొలిచి చేసిన సహజ సొరంగాలు ఉన్నాయి. ఎండాకాలం ఏరు ఎండిపోతే లోపల నడిచి అవతలికి పోవచ్చు, చల్లగా ఉంటుంది. సైకిల్ బూట్లతో గులకరాళ్ల మీద జాగ్రత్త. తిరుగు దారంతా దిగుడే.

మూడో రోజు ఓంప్స్ నుంచి బెజియె, 62 కిలోమీటర్లు. అర్జాన్ లాకు దాటాక ఫోన్‌సెరాన్ దాకా 54 కిలోమీటర్లు ఒక్క లాకూ లేదు. అంటే నీరు ఒకే మట్టంలో, మీరూ ఒకే మట్టంలో. కొండ అడ్డొస్తే దాని చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఎదురుగా కనిపించే చర్చి గోపురం ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన, మళ్లీ ఎడమన వస్తుంది. పరాజా దగ్గర 1676లో కట్టిన రెప్యుద్ర్ వంతెన మీద కాలువే ఏటిని దాటుతుంది. ల సొమాయ్‌లో కాఫీ తాగండి. తర్వాత వచ్చే అర్జెలియె చిన్న ఊరే కానీ, 1907లో దక్షిణ ఫ్రాన్స్ ద్రాక్ష రైతుల తిరుగుబాటు మొదలైంది ఇక్కడే. ధర పడిపోయి, కల్తీ వైన్ మార్కెట్‌ను ముంచెత్తినప్పుడు మార్సెలాఁ అల్బేర్ వెంట మార్చి 11న 87 మంది బయల్దేరారు. మీరు పొద్దుటినుంచి చూసిన తోటలన్నిటి వెనకా ఆ కోపం ఉంది.

కపెస్తాన్ తర్వాత మల్పాస్. ఒకే కొండ కింద మూడు సొరంగాలు. 1679లో తవ్విన కాలువ సొరంగం, దాని కింద రైలు సొరంగం, ఇంకా అడుగున చెరువు నీళ్లు పోవడానికి మధ్యయుగంలో తవ్విన సొరంగం. గట్టు బాట వదిలి కొండ మీదుగా దాటాలి. ఎలాగూ ఎక్కుతున్నారు కాబట్టి అన్సెరున్ గుట్ట దాకా పొండి. అక్కడి నుంచి కిందకు చూస్తే మొంతాది కనిపిస్తుంది. పదమూడో శతాబ్దంలో నీరు తోడేసి పొలంగా మార్చిన చెరువది, బండి చక్రంలో ఆకుల్లా పొలాలన్నీ నడిమికి వెళ్తాయి. ఆ నీరు పోయేది మీరిప్పుడే దాటిన ఆ అడుగు సొరంగంలోంచే.

నీళ్లు, తిండి, వైన్

రెండు పెద్ద సీసాలు. ఊళ్లో కొళాయి దొరక్కపోతే శ్మశానం వెతకండి. పూలకు పోయడానికి ఇక్కడి శ్మశానాల్లో దాదాపు ఎప్పుడూ కొళాయి ఉంటుంది. ఓ నాఁ పొతాబ్ల్ అని రాసి ఉంటే మాత్రం తాగొద్దు. దుకాణాలు పన్నెండు నుంచి రెండు, మూడు దాకా మూస్తారు, ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చిన్న ఊళ్లలో ఏదీ తెరవకపోవచ్చు. శాకాహారులు ఉదయమే బేకరీలో రొట్టె, దుకాణంలో జున్ను, పళ్లు కొని పెట్టుకుంటే మేలు.

వైన్ రుచి చూడాలనుంటే సాయంత్రం, సైకిల్ గదిలో పెట్టాక. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల పరిమితి సైకిల్ తొక్కేవాళ్లకూ వర్తిస్తుంది.

కోతల కాలంలో, అంటే ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్‌లో, సన్నటి దారిలో ట్రాక్టరు ఎదురైతే దిగి పక్కకు జరగండి. పని వాళ్లది, షికారు మనది. వసంతంలో మందు కొడుతున్న ట్రాక్టరు కనిపిస్తే గాలి ఎటు వీస్తోందో చూసి ఇంకో దారి పట్టండి. వరుసల మధ్య ఎప్పుడూ తొక్కకండి, గుత్తి కోయకండి. శరదృతువు, చలికాలం వారాంతాల్లో అడవిపందుల వేట జరుగుతుంది. షాస్ ఆఁ కూర్ అనే బోర్డు ఉంటే ఆ దారి వదిలేయండి, ముదురు రంగు చొక్కాలు మానండి. ఏదైనా జరిగితే 112కి ఫోన్ చేయండి, వంతెన పేరో లాకు పేరో చెబితే త్వరగా కనుక్కుంటారు.

బెజియె చేరాక

ఊరి ముందే ఫోన్‌సెరాన్ లాకులు. ఎనిమిది గదులు మెట్లలా, 21.5 మీటర్ల దిగుడు. పక్కన బాట బాగా వాలుగా ఉంటుంది, జనం కూడా ఎక్కువ. దిగి నడిపించండి. ఇక్కడి నుంచి స్టేషన్‌కు పోవచ్చు. కాళ్లలో బలం, వెనక సెర్స్ ఉంటే ఆగ్ద్ మీదుగా ఓంగ్లు దీపస్తంభం దాకా ఇంకో 34 కిలోమీటర్లు తొక్కితే కాలువ అక్కడ తో సరస్సులో కలుస్తుంది. ఆపైన సముద్రానికీ సరస్సుకీ మధ్య ఇసుక మేట మీద సైకిల్ బాట సెత్ వైపు వెళ్తుంది.

తిరుగు రైలుకు ప్రాంతీయ రైళ్లే నయం, సైకిల్‌కు టికెట్ అక్కర్లేదు కానీ కొక్కేలు తక్కువ. టీజీవీ (హైస్పీడ్ రైలు) ఎక్కాలంటే, సైకిల్‌కు చోటు బుక్ చేసుకునే వీలు లేని రైళ్లలో, చక్రాలు విప్పి 130 × 90 సెంటీమీటర్ల సంచిలో పెట్టాలి. ఆదివారం సాయంత్రం రైళ్లు నిండిపోతాయి, ఒక రైలు ముందుది చూసుకుని వెళ్లండి. ప్లాట్‌ఫామ్ మీద నిలబడగానే బ్యాగులు విప్పేయండి. కొక్కేనికి సైకిల్ ఎత్తి తగిలించేది మీరొక్కరే, వెనకాల తలుపు మూసుకుంటుంటుంది.